నైట్ లైఫ్ ఉంటేనే ఊరు ఎదిగినట్టా? హైదరాబాద్‌లో ఉన్నోళ్ళూ ఊళ్ళో ఉన్నోళ్ళూ ఇటు రండి

కావలి_కుర్రోడు:
మా బాబాయి కొడుకు బీటెక్ అయిపోయి గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరాడు. పండక్కి వచ్చి ఇంట్లో అందరి బుర్రా తిన్నాడు. కావలిలో తొమ్మిదిన్నరకే షట్టర్లు దించేస్తారంట, నైట్ లైఫ్ లేదంట, అందుకే మన ఊళ్ళు ఎదగవంట. మా పిన్ని కూడా “నిజమే కదబ్బా” అని తలూపింది. నైట్ లైఫ్ అంటే రాత్రి కరెంటు పోకుండా ఉండటం అనుకుంది ఆమె, అది వేరే విషయం.

నేను ఉండేది కూకట్‌పల్లి. ఆఫీసు వాళ్ళతో పోక తప్పక ఆ పబ్బులు చూశాను. లోపల మాట వినపడదు. పక్కనోడు నా చెవిలో అరిచి అడిగింది ఏందంటే, అప్రైజల్ ఎంత వచ్చిందని. ఆ ముక్క ఆఫీసు క్యాంటీన్లో అడిగితే టీ డబ్బులతో పోయేది.

అసలు కామెడీ బయటికొచ్చాక. పబ్బులు మామూలు రోజుల్లో పన్నెండుకి, వారాంతంలో ఒంటిగంటకి మూస్తారు. మెట్రో ఆఖరి బండి పదకొండుకి. అంటే తాగినోడు బయటికి వచ్చేసరికి సర్కారు వారి బండి పోయి ఉంటది. క్యాబ్ ఎక్కితే పగటి రేటుకి రెట్టింపు. సొంత బండి తీస్తే జూబ్లీహిల్స్ దిగేలోపే ఊదే మిషన్‌తో పోలీసులు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారికే 10,000 దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. అర్ధరాత్రి ఒక తాగుబోతు చుట్టూ ఇంతమందికి పని దొరుకుతుంది కాబట్టి దీన్నే అభివృద్ధి అంటారేమో నాకు తెలవదు.

ఇంత ఖర్చు పెట్టి ఆ సిటీలో మనం కొనుక్కుంటున్నది ఏంది? మన దగ్గర లేనిది ఏంది? రాజకీయాలు వద్దు, మోడరేటర్ అసలే చిరాకు మీదున్నాడు.

మైపాడు_రొయ్య:
నైట్ లైఫ్ మాకు లేదని ఎవరన్నారు? మా రొయ్యల చెరువు గట్టు మీదికి రండి, ఎంట్రీ ఫీజు కూడా లేదు. పగలు ఎండకి నీళ్ళలో నాచు ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక అదే నాచు, ఆ రొయ్యలు అన్నీ కలిసి పీల్చుకోవడమే. తెల్లారుజామున మూడు నుంచి ఐదు మధ్య డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అడుగంటుతుంది. నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిరగాల్సిందే. కరెంటు పోతే జనరేటర్ వెయ్యాల. అది మొరాయిస్తే రొయ్యలు పైకి తేలి మూతులు తెరుస్తాయి, మనం కూడా గట్టు మీద నోరు తెరుచుకుని నిలబడతాం. మీ డీజే కంటే మా ఏరియేటర్ల మోతే ఎక్కువ, పైగా రాత్రంతా.

ఇంకో లెక్క చెప్తా. మా దగ్గర కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు అని. 60 కౌంట్ రొయ్య ఆరు ముక్కలు కలిస్తే 100 గ్రాములు. ఆ ఆరు ముక్కలకి పిండి పూసి వేయించి, పక్కన నిమ్మచెక్క పెట్టి, మీ పబ్బులో ఎంత లాగుతారో బిల్లు తీసి చూసుకోండి. 2025 ఆగస్టులో అమెరికా వాడు సుంకం 50 శాతం చేసినప్పుడు ఇక్కడ కొనేవాళ్ళు ఒక్కసారిగా రేటు కోసేశారు. సిటీ మెనూ కార్డు మీద మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు. ట్రంప్‌కి జూబ్లీహిల్స్ అంటే భయం అనుకుంటా.

అద్దంకి_బస్టాండ్:
నిమ్మచెక్కకి ఛార్జీ వేరేగా ఉంటది అన్నా. బిల్లులో కింద చిన్నక్షరాల్లో చూడు.

చీమకుర్తి_రాయి:
అదే పబ్బులో మీరు మోచేతులు ఆనించి తాగే నల్లరాయి బల్ల చూశారా? నలుపులో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి. గెలాక్సీ గ్రానైట్. మా చీమకుర్తిది. ఆ చుక్క బ్రాంజైట్ అనే ఖనిజం. గచ్చిబౌలి ఆఫీసుల లాబీల్లో, హోటళ్ళ మెట్ల మీద, చైనాలో, ఇటలీలో, ఎక్కడ చూసినా ఆ చుక్కలే.

మా ఊళ్ళో మిగిలింది గుంతలు. ఒక్కో క్వారీ అంచున నిలబడి కిందికి చూస్తే, అడుగున పనిచేసే మిషన్లు బొమ్మల్లా కనపడతాయి. లైట్లేసి రాత్రి షిఫ్టు కూడా నడుస్తుంది, దిమ్మెలెక్కించుకున్న లారీలు కర్నూలు రోడ్డు మీద వరసగా పోతుంటాయి. డాబాల్లో ఏ టైములో పోయినా రోటీ దొరుకుతుంది. కాబట్టి తమ్ముడూ, నైట్ లైఫ్ ఉంటే ఊరు ఎదిగినట్టే అయితే చీమకుర్తి ఎప్పుడో న్యూయార్క్ అయ్యేది. ఇంట్లో ఆరేసిన బట్టల మీద రాతి దుమ్ము మాత్రం టైము తప్పకుండా వస్తుంది.

కనిగిరి_గచ్చిబౌలి:
అందరూ సిటీని తిట్టడమే కానీ, ఆ సిటీ లేకపోతే మనం ఎక్కడ? మాది కనిగిరి పక్క పల్లె. మా నాన్న బేల్దారి పని. ఊళ్ళో నీళ్ళు తాగితే ఫ్లోరైడ్, పళ్ళు పచ్చబడి మోకాళ్ళు వంగిపోయేవి. మా వైపుకి కృష్ణా నీళ్ళు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేశారు, సొరంగాలు రెండూ తవ్వడం పూర్తయింది 2024లో. ఈ మధ్యలో మా నాన్న మాదాపూర్, కొండాపూర్లలో ఎన్ని అపార్ట్‌మెంట్లకి గోడలు లేపాడో ఆయనకే లెక్క లేదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయినప్పుడు చుట్టూ బండరాళ్ళే ఉండేవంట. ఆ బండల మీద కట్టిన వాటిల్లోనే ఇప్పుడు నేను ఏసీలో కూర్చుని పనిచేస్తున్నా.

వెలిగొండ కోసం కూర్చుని ఉంటే నేను ఇంకా బిందె పట్టుకుని ట్యాంకర్ కోసం చూస్తుండేవాణ్ణి. శుక్రవారం రాత్రి రెండు వేలు తగలేస్తే తగలేస్తా. నా డబ్బు, నా లివర్. మా నాన్న కట్టిన బిల్డింగ్ పైన రూఫ్‌టాప్‌లో కూర్చుని తాగడంలో ఉన్న కిక్కు మీకు చెప్పినా అర్థం కాదు.

అద్దంకి_బస్టాండ్:
ఇప్పటిదాకా వచ్చినవాటిల్లో ఇదొక్కటే నిజాయితీగల పోస్టు. నాన్నని కూడా ఒకసారి ఆ రూఫ్‌టాప్‌కి తీసుకుపో అన్నా.

కనిగిరి_గచ్చిబౌలి:
తీసుకుపోయా. పిట్టగోడ ప్లాస్టరింగ్ సరిగా లేదని తిట్టి, మజ్జిగ తాగి వచ్చాడు.

పొదిలి_పిల్ల:
ఈ చర్చలో ఇప్పటిదాకా తాగినోళ్ళు, తాగినోళ్ళని తిట్టేవాళ్ళు తప్ప ఎవరూ మాట్లాడలేదు. రాత్రి అనేది ఆడవాళ్ళకి కూడా వస్తుంది, గుర్తుందా?

నేను అమీర్‌పేటలో కోచింగ్‌కి వచ్చినప్పుడు లేడీస్ హాస్టల్ గేటు పదికి వేసేవాళ్ళు. ప్రపంచస్థాయి నగరం, రాత్రి పదికి తాళం. లేటయితే వార్డెన్ ఊళ్ళో నాన్నకి ఫోన్. తర్వాత ఉద్యోగం నైట్ షిఫ్టు. కంపెనీ క్యాబ్, అందులో గార్డు, ఇంటి ముందు దింపి సంతకం. ఊరంతా చూశాననుకుంటారు మీరు. నేను చూసింది క్యాబ్ అద్దంలోంచి ఫ్లైఓవర్లు.

అయినా సిటీనే నాకు ఇష్టం, కారణం చెప్తా. పొదిలి బస్టాండ్‌లో రాత్రి ఎనిమిదింటికి నేనొక్కదాన్నే టీ తాగితే, ఆ వార్త నాకంటే ముందు ఇంటికి చేరుద్ది. “ఎవరమ్మాయి? ఎవరితో?” హైదరాబాద్‌లో రాత్రి రెండింటికి ఇడ్లీ బండి దగ్గర నిలబడ్డా ఎవడూ అడగడు. అడగకపోవడం కోసమే అంత అద్దె కడుతున్నా. మీ పబ్బు సంగతి నాకనవసరం.

మన దగ్గర అట్లా ఉన్న రాత్రులు నాకు తెలిసి రొట్టెల పండగవే. నెల్లూరులో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో. కోరికని బట్టి రొట్టె మార్చుకుంటారు: ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, సొంతింటి రొట్టె. ఏ ఊరి నుంచో వచ్చిన ఆడవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకుని అర్ధరాత్రి కూడా తిరుగుతుంటారు. లైట్లు, నీళ్ళు, మరుగుదొడ్లు, బస్సులు, పోలీసులు అన్నీ ఉంటాయి. ఆ నాలుగైదు రాత్రులు చెయ్యగలిగినోళ్ళు మిగతా రాత్రులు కనీసం బస్టాండ్ చుట్టూ ఎందుకు చెయ్యరు?

కావలి_కుర్రోడు:
అక్కా, “అడగకపోవడం కోసమే అద్దె” అన్నావు చూడు. నేను అడిగిన ప్రశ్నకి జవాబు అదే. కానీ నిజంగానే అడగరా? నేను ఇల్లు వెతికినప్పుడు ఓనర్లు ముందు కులమే అడిగారు. సూటిగా కాదులే. “వెజ్జా నాన్‌వెజ్జా” అని మొదలుపెట్టి, ఇంటిపేరు, ఊరు, మేనమామలు ఎక్కడుంటారు అని అట్నే పోయేవాళ్ళు.

పొదిలి_పిల్ల:
ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు అడుగుతారు. రోడ్డు మీద అడగరు. రెండోది నాకు చాలు ప్రస్తుతానికి.

గూడూరు_నిమ్మ:
2022లో జిల్లాల గీతలు మార్చినప్పుడు మమ్మల్ని తిరుపతిలో వేశారు, అప్పుడు కూడా నెల్లూరు చర్చలో నోరు మూసుకోలేదు. మీకు పట్నం అంటే హైదరాబాద్. మాకు మద్రాసు. జబ్బు చేసినా, పెళ్ళి పట్టుచీరలు కొనాలన్నా, నిమ్మకాయ రేటు కనుక్కోవాలన్నా అటే. అక్కడ నైట్ లైఫ్ అంటే టాస్మాక్. సర్కారు మందు కొట్టు, మధ్యాహ్నం పన్నెండుకి తెరిచి రాత్రి పదికి మూత. పది దాటితే మెరీనా ఇసక మీద నుంచి కూడా లేపుతారు. అయినా అది పెద్ద సిటీయే కదా? పరిశ్రమలూ ఆసుపత్రులూ ఆగలేదు కదా? పబ్బులకీ అభివృద్ధికీ ముడిపెట్టేవాళ్ళు ఒకసారి చెంగల్పట్టు దాకా ఆ రోడ్డెంట పోయి కార్ల ఫ్యాక్టరీలు చూసి రండి.

తమాషా ఏందంటే, చెన్నై కుర్రోళ్ళు సినిమాకి ఇటే వస్తున్నారు. సూళ్ళూరుపేట దగ్గర 2019లో ఆ పెద్ద తెర థియేటర్ పెట్టారు కదా, శనివారం అక్కడ పార్కింగ్ చూడండి, సగం తమిళనాడు నంబర్లు.

నీళ్ళ సంగతి కూడా చెప్పాల. మద్రాసు తాగేవాటిల్లో మన కండలేరు జలాశయం నీళ్ళు కూడా ఉన్నాయి. 1983 ఒప్పందం, ఎన్టీఆర్, ఎంజీఆర్ ఉన్న రోజులు. నీళ్ళు మొదటిసారి అటు చేరింది 1996లో. కండలేరు నుంచి తమిళనాడు సరిహద్దు దాకా 152 కిలోమీటర్ల కాలువ. ఆ కాలువ పక్క పొలాల వాళ్ళు రాత్రిపూట ఇంజిన్ పెట్టి తోడుకుంటే దాన్ని దొంగతనం అంటారు, కాపలా పెడతారు. అదీ ఒక నైట్ లైఫే, రెండు వైపులా.

మైపాడు_రొయ్య:
రాయి మనది, రొయ్య మనది, నీళ్ళు మనవి. బిల్లు కూడా మనదే.

కనిగిరి_గచ్చిబౌలి:
జీతం వాళ్ళది. అది రాయడం మర్చిపోయావు.

ఆత్మకూరు_మాస్టారు:
పిల్లలూ, మీ గొడవ చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. 1990ల మొదట్లో మా జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలు కూలికి పోయే ఆడవాళ్ళు రాత్రి లాంతరు కింద చదువుకునేవాళ్ళు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, సారా వల్ల కూలిన సంసారం గురించి. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆ ఊరి ఆడవాళ్ళు 1992లో సారా కొట్టు మూయించారు. ఆ వేడి జిల్లా అంతా పాకింది. సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం. రెండేళ్ళు తిరిగేసరికి, 1997లో, ఖజానా ఖాళీ అని ఎత్తేశారు.

నేను ఆ రాత్రి బడుల్లో పాఠం చెప్పినవాణ్ణి. నైట్ లైఫ్ అంటే నాకు గుర్తొచ్చేది అదే. ఇప్పుడు మందు ఏసీ గదిలోకి, నల్లరాయి బల్ల మీదికి వచ్చింది కాబట్టి దానికి సంస్కృతి అని పేరొచ్చింది. కూలివాడు తాగితే వ్యసనం, టెకీ తాగితే లైఫ్‌స్టైల్. ఆ తేడా ఎవరు పెట్టారు?

అద్దంకి_బస్టాండ్:
మాస్టారూ నమస్కారం. ఖజానా సంగతి తీశారు కాబట్టి: 2024 అక్టోబర్‌లో మన ఏపీలో 3,396 మద్యం షాపులకి లాటరీ పెట్టారు. దరఖాస్తు ఫీజు రెండు లక్షలు, షాపు రాకపోయినా వెనక్కి ఇవ్వరు. దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. అంటే ఒక్క సీసా అమ్మకముందే 1,800 కోట్లకి దగ్గర. తాగేవాడి కంటే ముందు అమ్మేవాడే మునిగాడు. ఇంత లాభమున్న వ్యాపారాన్ని ఏ పార్టీ అయినా ఎందుకు మూస్తుంది? మా ఒంగోల్లో ఒకాయన చీటీ పాట పాడి మరీ దరఖాస్తులు వేశాడు. లాటరీ తగల్లేదు. ఆ బాధలో రోజూ వేరేవాడి షాపులో తాగుతున్నాడు.

ప్లాట్ల_ప్రసాదు:
ఫ్రెండ్స్, అభివృద్ధి ఎక్కడుందో మేం చూపిస్తాం! రామాయపట్నం పోర్టు దగ్గర, రిఫైనరీ పక్కనే గేటెడ్ వెంచర్. క్లబ్ హౌస్, ఓపెన్ జిమ్, నైట్ లైఫ్ జోన్ కూడా ప్లాన్‌లో ఉంది. ఈ వారం బుక్ చేసినవాళ్ళకి వెండి నాణెం.

అద్దంకి_బస్టాండ్:
నైట్ లైఫ్ జోన్ అంటే దోమలేనా అన్నా?

నెల్లూరు_అంకణం:
ప్రసాదు గారూ, వెండి నాణెం మీరే ఉంచుకోండి, లేఅవుట్‌కి సర్కారు ఇచ్చే డీటీసీపీ అప్రూవల్ నంబర్ పెట్టండి. అది మాత్రం పెట్టరు.

భూమి మాట వచ్చింది కాబట్టి నా ముక్క. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఎకరానికి 4,840 గజాలు. గజం రెండు లక్షల ఎనిమిది వేలు. మన నెల్లూరు లెక్కలో అంకణానికి ఎనిమిది గజాలు కదా, అంకణం 16 లక్షల 65 వేలు. మాగుంట లేఅవుట్‌లో ఇల్లున్నోళ్ళు కూడా ఈ లెక్క వింటే మంచినీళ్ళు అడుగుతారు.

నా ఉద్దేశంలో సిటీలో అసలైన వ్యాపారం ఇదే. పబ్బు, మాల్, ఐమ్యాక్స్, కాఫీ షాపు అన్నీ ఆ గజం రేటుకి ప్రకటనలు. చుట్టుపక్కల లైట్లు వెలుగుతుంటే ఫ్లాట్ అమ్ముడుపోతుంది. ఫ్లాట్ కొన్నోడు ఇరవై ఏళ్ళు ఈఎంఐ కడతాడు కాబట్టి ఆ లైట్ల కిందికి పోయే ఓపిక ఉండదు. నా స్నేహితుడు నార్సింగిలో 25వ అంతస్తులో కొన్నాడు. బాల్కనీలోంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్లు చూస్తూ మ్యాగీ తింటాడు. అదీ 158 కిలోమీటర్ల నైట్ లైఫ్. ఆ ఫ్లాట్‌కి ఓనర్లు బ్యాంకు ముందు, భార్య తర్వాత, ఆ తర్వాత వాడు.

ఇక్కడున్న మనం తక్కువేం కాదు. ఒక చేత్తో వడ్డీకి తిప్పడం, ఇంకో చేత్తో స్థలం కొని ముళ్ళకంచె వెయ్యడం. నెల్లూరోడి చేతిలో డబ్బు ఎంతున్నా ఊళ్ళో పదిమందికి పనిచ్చే యూనిట్ పెట్టమంటే మాత్రం “రిస్కబ్బా” అంటాడు. మళ్ళీ పిల్లలు హైదరాబాద్ పోయారని ఏడుపు.

ఉలవపాడు_మామిడి:
రామాయపట్నం అన్నారు కాబట్టి ఆ పక్కోణ్ణి నేనే చెప్పాల. పోర్టు వస్తుందంటే సంతోషించాం, ఇప్పటికీ వద్దనడం లేదు. కానీ కరేడులో సోలార్ ఫ్యాక్టరీకి భూములు అడిగితే 2025లో రైతులు రోడ్డెక్కారు. మూడు పంటలు పండే నేల అది. బీడు భూములు లేవా ఈ జిల్లాలో? ఇక్కడ మామిడి తోట ఉన్న రైతుకి కోకాపేట కథలు చెప్పి, నీకూ అట్నే పెరుగుద్ది అంటారు. రేటు పెరిగేది అమ్మేశాక. కొన్నోడికి పెరుగుద్ది.

కనిగిరి_గచ్చిబౌలి:
అన్నా, తోట పోతే బాధే, కాదనను. కానీ మీకు తోట ఉంది కాబట్టి ఉద్యోగం అక్కర్లేదు. మా పక్క కుర్రాడికి తోటా లేదు, బోరులో నీళ్ళూ లేవు. వాడికి మీ దగ్గర ఫ్యాక్టరీ వస్తే హైదరాబాద్ బదులు ఉలవపాడు వస్తాడు, ఆదివారం ఇంటికి పోయి అమ్మ చేతి కూడు తింటాడు. ఆ కుర్రాడి సంగతి మీ ధర్నా టెంటులో ఎవరు మాట్లాడారు?

ఉలవపాడు_మామిడి:
ఎవరూ మాట్లాడలేదు, నిజమే. ఫ్యాక్టరీలో మా పక్కోడికి గానీ మీ పక్కోడికి గానీ ఉద్యోగం ఇస్తామని కాగితం మీద రాయమంటే వాళ్ళూ మాట్లాడలేదు.

కందుకూరు_కోడలు:
మా ఆయన నెలకి రెండుసార్లు సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో వస్తాడు, పోతాడు. ఆయన జీతంలో సిటీ అద్దె, తిండి, వారాంతపు “టీమ్ ఔటింగ్” పోగా ఇంటికి వచ్చేది ఎంతో నాకు తెలుసు, ఇక్కడ రాస్తే పరువు పోతుంది. నేను కుట్టు మిషన్ పెట్టుకుని సంపాదించేదానికి కొంచెం ఎక్కువ. ఔటింగ్ మానెయ్యమంటే “నెట్‌వర్కింగ్” అంటాడు. ఆ నెట్‌వర్క్ ప్రమోషన్ దాకా ఎప్పుడు కలుస్తుందో మరి.

మాస్టారు చెప్పిన రోశమ్మ కథ మా అత్త కూడా చెబుతుంది. అప్పుడు సారా కొట్టు ఊరి మధ్యలో ఉండేది, చీపురు పట్టుకుని పోతే సరిపోయేది. ఇప్పుడు కొట్టు మాదాపూర్‌లో ఉంది, నేను కందుకూరులో ఉన్నా.

అద్దంకి_బస్టాండ్:
అక్కా, సింహపురిలో చీపురు లగేజీకి టికెట్ అక్కర్లేదు.

మోడరేటర్:
ప్లాట్ల_ప్రసాదు ప్రకటనలు ఆపకపోతే ఖాతా తీసేస్తాను. అద్దంకి_బస్టాండ్, చర్చకి పనికొచ్చేది కూడా ఏదైనా రాయండి.

అద్దంకి_బస్టాండ్:
సరే, పనికొచ్చేదే రాస్తా. తెలంగాణలో 2023లో ఒక జీవో ఇచ్చారు, ఏడాదికి పదివేలు కట్టి షాపులు 24 గంటలూ తెరుచుకోవచ్చని. మందు షాపులు కాదు, మామూలు షాపులు. మన ఒంగోలు, నెల్లూరులో ఆసుపత్రుల వీధుల్లో, బస్టాండ్, రైల్వేస్టేషన్ చుట్టూ అయినా ఇట్లాంటిది పెడితే చాలు. మా అమ్మని ఆసుపత్రిలో చేర్చిన రాత్రి రొట్టె ముక్క కోసం ఊరంతా తిరిగాను. పదిన్నరకే టీ బండి కూడా మూయించారు. నాకు డీజే వద్దు. రెండు ఇడ్లీలు, వేడి పాలు చాలు.

పొదిలి_పిల్ల:
దీనికి నా ఓటు. ఇంకో రెండు కలుపుతా. బస్టాండ్‌లో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి రాత్రి తాళం వెయ్యకూడదు. ఒంగోలు నుంచి పొదిలి వైపు రాత్రి పదకొండున్నరకి ఒక బస్సు ఉండాల. హైదరాబాద్ నుంచి రైలు దిగినోళ్ళు ప్లాట్‌ఫాం మీద తెల్లారేదాకా కూర్చుంటున్నారు.

చీమకుర్తి_రాయి:
పదకొండున్నరకి బస్సు వేస్తే మా ఊరి మీదుగానే పోవాల. లారీల మధ్య నడపగలిగిన డ్రైవర్‌ని వెయ్యమనండి. డిపోకి అర్జీ ఎవరు రాస్తారు?

ఆత్మకూరు_మాస్టారు:
నేను రాస్తాను. ఎవరెవరు సంతకం పెడతారో ఊరి పేరుతో సహా కింద రాయండి. మారుపేర్లు కాదు, అసలు పేర్లు నాకు విడిగా పంపండి.

అద్దంకి_బస్టాండ్:
అసలు పేరా? మాస్టారూ, ఈ ఫోరంలో మా మేనమామ కూడా ఉన్నాడు.